ముత్తాత పతకాల వెంట పడేముందు

చి. అమ్మడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మీ నాన్న వైపు ముత్తాతగారి పతకాలు మూడూ బాగానే కనిపిస్తున్నాయి గానీ అన్నీ ముందు, వెనక తీశావు, అంచు తీయలేదు. ముందు ఆ పని కావాలి. పతకాలు రాజమండ్రిలో మీ నాన్న దగ్గరే ఉన్నాయి కదా, ఫోన్ చేసి చెప్పు: కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేట్టు చూసుకుని, పతకాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ అంచంతా ఫొటోలు తీయమని. పేరు, హోదా, ఏ దళం అన్నది చెక్కేది అక్కడే. ఇంకో మాట, పూజసామాన్లు తోమినట్టు చింతపండు పెట్టి తోమొద్దని గట్టిగా చెప్పు. మెరుపైతే వస్తుంది, అక్షరాలు అరిగిపోతాయి. రిబ్బన్లు వెలిసిపోయాయని కొత్తవి కుట్టించొద్దు. మూడూ ఇప్పుడు ఏ వరసలో ఉన్నాయో ఆ వరస కూడా కదపొద్దు, ఆయన వాటిని ఎలా పెట్టుకునేవారో చెప్పడానికి మిగిలిన ఆధారం అదొక్కటే.

ఇక మీ ఇంట్లో చెప్పుకునే కథ. అల్లూరి సీతారామరాజును వేటాడిన పోలీసు దళంలో ఉన్నందుకు దొరలు ఇచ్చిన పతకాలని మీ నానమ్మ చెప్పేదని రాశావు. దాన్ని మీ పెదనాన్న గొప్పగా చెప్తారనీ, నీకు మాత్రం తలదించుకోవాలనిపిస్తుందనీ రాశావు. గొప్పా, సిగ్గా అన్నది తర్వాత చూద్దాం, ముందు తేదీలు చూడు తల్లీ.

ఆ కంచు పతకం ఇండియన్ పోలీస్ మెడల్. దాన్ని పెట్టిందే 1932లో. రాజు చనిపోయింది 1924 మే 7న, కొయ్యూరు దగ్గర. అంటే ఆయన పోయిన ఎనిమిదేళ్లకు గానీ అలాంటి పతకం ఒకటి లేదు. 1909 నుంచీ ఉన్నది కింగ్స్ పోలీస్ మెడల్, అది వెండిది, అది మీ ఇంట్లో లేదు. కంచు పతకం వెనకవైపు దండ మధ్యలో ఉన్న రాత ఏమిటో భూతద్దంతో చూసి అక్షరం వదలకుండా రాసుకో. 1940ల్లో దాన్ని సాహసానికి వేరు, మంచి సేవకు వేరు అని విడదీశారు, రాత కూడా మారింది, కాబట్టి ఆ రాతను బట్టే ఏ కాలపుదో పోల్చుకోవచ్చు.

వెండిది, ఆకుపచ్చ రిబ్బన్ మధ్యలో నీలం ఉన్నది, 1908 నాటి ఇండియా జనరల్ సర్వీస్ మెడల్. దాని వెనక కొండలు, కోట ఉన్నాయి కదా, అది ఖైబర్ కనుమ దగ్గరున్న జమ్రూద్ కోట. దాన్ని చూసి ఆయన ఖైబర్ దాకా వెళ్లారని రాసేయకు, ఆ పతకం ఎవరికిచ్చినా వెనక బొమ్మ అదే. ఎక్కడ పనిచేసినందుకు ఇచ్చారో చెప్పేది పైన ఉన్న చిన్న పట్టీ. మీ ఫొటోలో అది మలబార్ 1921-22 అని చక్కగా చదవగలుగుతున్నాం. మలబారంటే ఇప్పటి కేరళ ఉత్తర భాగం. ఈ పతకానికి మొత్తం పన్నెండు పట్టీలు ఉన్నాయి, ఎక్కువ భాగం వాయవ్య సరిహద్దు పోరాటాలవి, మన మన్యం పేరుతో ఒక్కటీ లేదు. మూడోది ఐదో జార్జి రాజు పాతికేళ్ల పాలనకు 1935లో వేసిన జూబిలీ పతకం. దాని అంచు మీద పేరు వేసి ఇవ్వలేదు, వెతికినా దొరకదు, టెన్షన్ పడకు.

అంటే మూడింటిలో ఏదీ మన్యం పోరాటానికని నేరుగా ఇచ్చింది కాదు. అలాగని నానమ్మ అబద్ధం చెప్పిందనీ అనుకోకు. మలబారు తిరుగుబాటు సమయంలో, 1921లో, హిచ్‌కాక్ అనే పోలీసు సూపరింటెండెంట్ పూనుకుని మలబార్ స్పెషల్ పోలీస్ దళాన్ని తయారుచేశాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో రాజు మనుషులు వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లాక, సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు చనిపోయాక, మద్రాసు ప్రభుత్వం ఆ మలబారు దళాన్నే మన్యానికి తెప్పించింది. మలబారులో పనిచేసిన మీ ముత్తాత వాళ్లతోపాటే వచ్చి ఉండొచ్చు. ఉండొచ్చు, అంతే. కాగితం దొరికేదాకా ఆ మాటను అలాగే ఉంచు, నీ రాతలో మాత్రం "ఉన్నారు" అని మార్చకు. ఇంటి కథల్లో రెండు సంగతులు కలిసిపోవడం మామూలే, నీ పని వాటిని మళ్లీ విడదీయడం.

కాగితాలకు ఎక్కడికి వెళ్లాలన్నది ఆయన హోదాను బట్టి ఉంటుంది. అధికారుల పోస్టింగుల వివరాలుండే సివిల్ లిస్టులు, హిస్టరీ ఆఫ్ సర్వీసెస్ సంపుటాలు చేతికి తేలిగ్గా దొరుకుతాయి గానీ వాటిలో ఉండేది గెజిటెడ్ అధికారులే. పోలీసుశాఖలో అంటే డిప్యూటీ సూపరింటెండెంటు, ఆ పైవాళ్లు. ఆ డిప్యూటీ పోస్టు కూడా 1902-03లో పోలీసుశాఖ మీద వేసిన ఫ్రేజర్ కమిషన్ తర్వాత భారతీయుల కోసం పెట్టిందే. మీ ముత్తాత ఇన్‌స్పెక్టరుగానే రిటైరైతే ఆ సంపుటాల్లో కనిపించరు, కనిపించలేదని నిరాశపడి వదిలేసిన వాళ్లను చాలామందిని చూశాను, నువ్వు అలా చెయ్యకు. ఏటా అచ్చైన మద్రాసు పోలీసు పరిపాలన నివేదికలు చూడు, బహుమతుల సంగతులు అందులో వస్తాయి, కొన్ని ఏళ్లవి నెట్‌లోనే దొరుకుతాయి. బదిలీలు, బిరుదుల కోసం మద్రాసు ప్రభుత్వ గెజిట్ అయిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ చూడు. ఇండియన్ పోలీస్ మెడల్ ప్రకటన కోసం గెజిట్ ఆఫ్ ఇండియా. లండన్ గెజిట్‌లో వెతుక్కునేది కింగ్స్ పోలీస్ మెడల్ వచ్చినవాళ్లు, అక్కడ సమయం పోగొట్టుకోకు.

వెతికేటప్పుడు పేరుతో తంటా తప్పదు. ఒకే నాయుడు గారిని ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాసేవాళ్లు. రావును కూడా అంతే. మద్రాసు గెజిట్లలో మనవాళ్ల పేరుకు ముందు మహారాజరాజశ్రీకి పొట్టి అక్షరాలు (M.R.Ry.), చివర "గారు" తగిలిస్తారు, ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. కంప్యూటర్‌లో పేరు కొట్టి రాలేదంటే లేనట్టు కాదు. జిల్లా, హోదా, సంవత్సరం పెట్టుకుని పేజీలు తిప్పాల్సిందే. రాజు గురించి వెతికేటప్పుడు కూడా "రంప పితూరీ" (పితూరీ అంటే తిరుగుబాటు), "గూడెం", "ఏజెన్సీ" లాంటి మాటలతో వెతుకు, సర్కారు దస్త్రాలు ఆ పోరాటాన్ని పిలిచింది అలాగే.

అసలు ఫైళ్లు చెన్నై ఎగ్మూరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. గంజాం కూడా 1936 దాకా అందులోనిదే, బరంపురంలో పనిచేసినట్టు తేలితే ఒడిశాకు పరిగెత్తకు. హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో నిజాం సంస్థానం రికార్డులు ఉంటాయి, ఆ పోలీసుశాఖే వేరు. ఎగ్మూరులో ఏ ఫైలు అడగాలన్నా ప్రభుత్వ ఉత్తర్వు నంబరు, తేదీ, శాఖ కావాలి, కాబట్టి ముందు ఆ ఏడాది సూచిక సంపుటాలు తెప్పించుకోవాలి. ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో హోంశాఖ పోలీసు ఫైళ్లు ఇంటినుంచే చూడొచ్చు. నువ్వు లండన్‌లో ఉన్నావు గనక బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు నీకు దగ్గర, రీడర్ పాస్ ఉచితమే. అక్కడ ఇండియన్ పోలీస్ అధికారులు ఇచ్చిన జ్ఞాపకాల కాగితాల సేకరణ ఒకటి ఉంది, ఎక్కువగా తెల్లవాళ్లవే, అయినా చదువు. మీ ముత్తాతగారి పై అధికారి ఎలా ఆలోచించేవాడో అందులో తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇప్పుడు చెప్తాను. పతకం వెనకున్న కాగితం రాసింది ఇచ్చినవాడు. "ధైర్యంగా ఎదుర్కొన్నాడు" అని ఉంటే ఎవరిని ఎదుర్కొన్నాడన్నది కూడా నువ్వే వెతకాలి. ఆ మలబారు పట్టీ కాలంలోనే, 1921 నవంబరులో, తిరూరు నుంచి ఖైదీలను మూసిన రైలుపెట్టెలో పంపితే డెబ్బై మంది దాకా ఊపిరాడక చనిపోయారు, ఆ ఖైదీల వెంట ఉన్నది పోలీసులే. మీ ముత్తాతకు దానితో సంబంధం ఉందని నేననడం లేదు. కానీ ఆ ఏడాది ఆయన ఎక్కడున్నారో తెలుసుకోకుండా పతకాన్ని అద్దాల పెట్టెలో పెట్టడం నాకు నచ్చదు. అలాగే ఆయన్ని ఏ కాగితమూ చూడకుండా ద్రోహి అనెయ్యడమూ నచ్చదు. జీతం కోసం స్టేషన్‌లో చేరి దొంగతనాల కేసులు చూసుకుంటూ సర్వీసు గడిపినవాళ్లు ఎంతమందో. మన్యం వెళ్లినట్టు తేలితే నువ్వూ వెళ్లు, కృష్ణదేవిపేట, కొయ్యూరు వైపు పెద్దవాళ్లు వాళ్ల తాతల నోట విన్నవి ఇంకా చెప్తారు. ఆయన మనవడి కూతురినని దాచకుండా చెప్పి అడుగు. కోపంగా మాట్లాడినా విని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో. మీ పెదనాన్నకు నచ్చినా నచ్చకపోయినా, కాగితాలు చెప్పేదీ వాళ్లు చెప్పేదీ రెండూ ఒకే పుస్తకంలో ఉండాలి.

అంచు ఫొటోలు రాగానే నాకు పంపు. మలబారు పతకం మీద హోదా ఏముందో, కంచు దాని మీద ఏముందో పోల్చి చూస్తే ఆయనకు ప్రమోషన్ ఏ ఏళ్ల మధ్య వచ్చిందో అంచనా వస్తుంది, దాన్ని బట్టి ఎగ్మూరులో ఏ ఏళ్ల సూచికలు అడగాలో రాసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ తమ్ముడు, చిన్న తాతయ్య