దారి చూపేవాడు లేని ఆక్రమణ: 1990 కువైట్‌లో నేను చూసినది

విదేశీ సైన్యం ఒక దేశాన్ని ఆక్రమించుకుని నిజంగా విజయం సాధించడం ఎప్పటికైనా సాధ్యమేనా అని అడిగారు. ఆక్రమణలో ఉన్న ఊళ్లో బతికినవాడిగా చెబుతున్నాను: ఆ గడ్డ మీద పుట్టినవారిలో తగినంతమంది దాని కొలువు చేయడానికి ఒప్పుకుంటే అది నడుస్తుంది, ఒప్పుకోకపోతే ఎన్ని ట్యాంకులున్నా నడవదు. సైనిక బలం గురించి, ఆయుధాల గురించి టీవీ చర్చల్లో గంటల తరబడి మాట్లాడేవారు ఈ ఒక్క విషయాన్ని వదిలేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

నేను రాజంపేట దగ్గరి పల్లెవాడిని. 1990లో కువైట్ రుమైతియాలో ఒక కువైటీ కుటుంబం దగ్గర డ్రైవరుగా ఉన్నాను. ఆగస్టు 2, గురువారం తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం నగరంలో ఉంది. రాజు షేక్ జాబిర్ సౌదీ అరేబియా వెళ్లిపోయారు, ఆయన తమ్ముడు షేక్ ఫహద్ దస్మాన్ రాజభవనం దగ్గర కాల్పుల్లో మరణించారు. వేసవి సెలవులకు విదేశం వెళ్లిన మా కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, అక్కడే చిక్కుకుపోగా, ఇంట్లో ఆయన తల్లి, ఇద్దరు కొడుకులు, వంటకు ఉన్న శ్రీలంక ఆమె, నేను మిగిలాము. మేమందరం ఆ పెద్దావిడను మామా అని పిలిచేవాళ్లం.

కొన్ని రోజులు గడిచాక ఒక రాత్రి పెద్దకొడుకు నన్ను లేపి స్క్రూడ్రైవరు తెమ్మన్నాడు. వీధి చివర పొరుగింటి కుర్రాళ్లు నిచ్చెన వేసుకుని, వీధి నంబరు రాసి ఉన్న బోర్డుకు నల్లరంగు పూస్తున్నారు. మా గేటు పక్క గోడకున్న ఇంటి నంబరు పలకను నేను ఊడదీయాలి. కువైట్‌లో చిరునామా అంటే బ్లాకు, వీధి, ఇంటి నంబరు, అంతే; ఆ మూడూ పోతే ఒకే తీరున కట్టిన ఆ ఇళ్లలో ఎవరిది ఏదో బయటివాడు పోల్చుకోలేడు. ఉప్పుగాలికి మేకులు తుప్పు పట్టి కదలలేదు, చివరికి పలకను వంచి పెకలించాను. పలక ఉన్నంత మేర గోడ ఎండ తగలక తెల్లగా మిగిలిపోయింది. మామా లాంతరు పట్టుకుని వచ్చి ఆ తెల్లటి మచ్చను చూసి, తోటలోని తడిమట్టి తెప్పించి, మిగతా గోడతో కలిసిపోయేదాకా నా చేత రుద్దించింది. ఆమెకు చదువు రాదు. అయినా సైన్యం ఎక్కడ తడబడుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

రెండు మూడు రోజులకే సైనికులు వచ్చారు. కువైట్ సైన్యంలో పనిచేసిన ఒక అధికారి ఇల్లు కావాలట. పేరు, బ్లాకు, వీధి, ఇంటి నంబరు రాసిన కాగితం వాళ్ల చేతిలో ఉంది. ఆ ఇల్లు మాకు రెండిళ్ల అవతలే ఉంది. మీసాలు సరిగా రాని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. కాళ్లు వణుకుతుండగా నాకు తెలియదని చెప్పాను. పక్కింటివారు కొత్తగా వచ్చామన్నారు, ఎదురింటివారు తలుపే తీయలేదు. ఆ కుర్రాడు మంచినీళ్లు అడిగితే మామా పంపింది, చిరునామా మాత్రం చెప్పలేదు. తుపాకులు వాళ్ల దగ్గరే ఉన్నాయి, కాగితమూ వాళ్ల దగ్గరే ఉంది, అయినా ఎండలో ఆ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగి తిరిగి వెళ్లిపోయారు.

ఆ ఆక్రమణదారులు పరాయి భాషవారు కారు, పరాయి మతస్థులు కూడా కారు. కువైట్ మొదటి నుంచీ తమ బస్రాలో భాగమేనన్నది ఇరాక్ వాదన. అది నిజమైతే స్వాగతం పలికేవారు కొందరైనా ఉండాలి కదా. 1986లో పార్లమెంటును రద్దు చేసినందుకు రాజు మీద ఆగ్రహంతో ఉన్న ప్రతిపక్ష నాయకులు కువైట్‌లో చాలామందే ఉన్నారు, ఆక్రమణకు కొన్ని నెలల ముందు కూడా వారు వీధుల్లోకి వచ్చారు. అయినా బాగ్దాద్ ఏర్పాటు చేసిన ప్రభుత్వంలో చేరడానికి పేరున్న నాయకుడు ఒక్కడూ దొరకలేదు. అలాఆ హుసేన్ అలీ అనే పేరుగల సైనికాధికారిని ముందు పెట్టి నడిపించిన ఆ ప్రభుత్వం వారం కూడా నిలవలేదు. ఆగస్టు 8న విలీనం ప్రకటించి, 28న కువైట్‌ను తమ 19వ రాష్ట్రంగా చేసుకున్నారు. అక్టోబరులో అదే ప్రతిపక్షం జెడ్డాలో రాజవంశంతో కూర్చుని, మా తగవు మేము తరువాత తేల్చుకుంటాము, ముందు దేశం కావాలని చెప్పింది. ఇరాక్ ఓటమి నా లెక్కలో ఆ రోజే పూర్తయింది. 1991 ఫిబ్రవరిలో అమెరికా నాయకత్వాన సంకీర్ణ సేనలు వచ్చి తరిమేయకపోతే ఇరాకీలు ఇంకా ఉండేవారు కదా అంటారు కొందరు. ఉండేవారేమో, కానీ ఉండడం వేరు, పాలించడం వేరు. కారుకు ఇరాకీ నంబరు వేయించుకోమని, గుర్తింపు కార్డు మార్చుకోమని ఆదేశాలిస్తే జనం వీలైనంతకాలం దాటవేశారు. రాత్రిళ్లు మేడల మీదికెక్కి అల్లాహు అక్బర్ అని నినదించేవారు. మాలాంటి పనివాళ్లు వెళ్లిపోయాక వీధుల్లో చెత్త ఎత్తడం, రొట్టెలు కాల్చడం, సహకార దుకాణాల నుంచి సరుకులు పంచడం వంటి పనులన్నీ కువైటీలే చేసుకున్నారు. మా కఫీల్ కొడుకులు చెత్తబండి తోలిన సంగతి తరువాత తిరిగి వెళ్లినప్పుడు విన్నాను.

మా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆక్రమణ చరిత్ర రాసేవారు మమ్మల్ని లెక్కలోకి తీసుకోరు. పాస్‌పోర్టులు కఫీళ్ల దగ్గర ఉండిపోయినవారు, అందునా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, అనుభవించినది నోటితో చెప్పేది కాదు. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, ఎడారి గుడారాల్లో నీళ్ల కోసం వరుసల్లో నిలబడి, అమ్మాన్‌లో ఎయిర్ ఇండియా విమానం ఎక్కాము. అలా దాదాపు 1,70,000 మంది భారతీయులను ఇళ్లకు చేర్చారు. ఐక్యరాజ్య సమితి ఇరాక్ చమురు ఆదాయం నుంచి మొత్తం 5,240 కోట్ల డాలర్ల పరిహారం ఇప్పించింది, చివరి వాయిదా 2022లో చెల్లింది. మా పల్లెల్లో మాత్రం ఫారం నింపిపెట్టిన మధ్యవర్తులు తమ వాటా ముందే పట్టుకున్నారు.

బ్రిటిషువారు మనల్ని అంతకాలం ఎలా పాలించారని మీరు అడగవచ్చు. మా దత్తమండలాలనే చూడండి. 1800లో నిజాం ఈ రాయలసీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. మన్రో కలెక్టరుగా వచ్చి పాళెగాళ్లను అణచివేశాడు, నిజమే, కానీ ఆ తరువాత శిస్తు వసూలైనది ఫిరంగులతో కాదు. ఏ చేను ఎవరిది, ఎంత పండుతుంది, ఎవరి దగ్గర ఎంత రాబట్టవచ్చు అన్నది ఊరి కరణం లెక్క రాసి ఇచ్చాడు, ఊరి పెద్ద అయిన రెడ్డి వసూలు చేసి పెట్టాడు. కువైట్‌లో ఇరాకీలకు దొరకనిది ఆ కరణమే.

జపాన్‌ను కూడా అందరూ ఉదాహరణగా చూపుతారు. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిన జపాన్‌లో అమెరికా సేనాని మెకార్థర్ చక్రవర్తిని తీసేయలేదు, జపాన్ ప్రభుత్వోద్యోగుల చేతనే పాలన నడిపించాడు, 1952లో ఆక్రమణ ముగిసింది. అదే అమెరికా 2003లో ఇరాక్ సైన్యాన్ని ఒక్క ఆదేశంతో రద్దు చేసి, సద్దాం హుసేన్ బాత్ పార్టీ సభ్యులన్న పేరుతో అనుభవమున్న అధికారులను ఇళ్లకు పంపి, తనకు సహకరించగలిగినవారిని తానే శత్రువులుగా మార్చుకుంది.

కువైట్‌లో ఏడు నెలలే కదా, ఇంకా సమయం దొరికితే జనం అలవాటుపడేవారన్న వాదన నాకు తెలుసు. తూర్పు తైమూరు 1975 నుంచి 24 ఏళ్లు ఇండోనేషియా సైన్యం చేతిలో ఉంది. అక్కడి బడుల్లో ఇండోనేషియా భాషలో చదువుకున్న పిల్లలు పెరిగి పెద్దవారై, 1999 ఆగస్టు 30న తమ పెద్దలతో పాటు ఓటు వేయడానికి వెళ్లారు. 78.5 శాతం ఓట్లు ఇండోనేషియాతో ఉండకూడదనే పడ్డాయి.