స్లాబు మీద వెదర్ స్టేషన్ పెడుతున్న కోడలికి

కోడలా,

సెకండ్ హ్యాండ్‌లో డేవిస్ వెదర్ స్టేషన్ కొన్నావనీ, దేవరకొండ పక్కన మన ఊరింటి స్లాబు మీద పెట్టి రోజూ వాన లెక్క ఊరి వాట్సాప్ గ్రూపులో వేస్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం సంగతి తర్వాత చెప్తా, నన్ను రాత్రి నిద్రపోనియ్యనిది వేరే ఉంది.

ఉరుము వినబడ్డాక ఆ స్లాబు ఎక్కొద్దు. సెన్సార్ కింద పడ్డా సరే, దాన్ని నిలబెట్టిన ఇనుప పైపు ఒరిగినా సరే, లక్ష రూపాయలది అయినా సరే. రోహిణి, మృగశిర కార్తెల్లో మన దగ్గర పిడుగులు ఎట్లా పడతాయో నీకు తెలియదు, హాస్టల్లో పెరిగిన దానివి. నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో పనిచేసే రోజుల్లో ఊరవతల ఎక్కడో పిడుగు పడితే తీగల వెంట లోపలికి వచ్చి సర్క్యూట్ కార్డులు మాడిపోయేవి, ఆ కాలిన వాసన రెండు రోజులు పోయేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే ఎర్తింగ్ గుంటలో ఉప్పూ బొగ్గూ వేసి బిందెలతో నీళ్లు పోయించేవాణ్ణి, అందరూ నవ్వేవాళ్లు. నువ్వూ నవ్వుకో, కానీ ఇనుప పైపుకు ఎర్తింగ్ చెయ్యి. అది నేరుగా పడే పిడుగును ఆపదు, అందుకే ఎక్కొద్దంటున్నా. వైర్‌లెస్‌ది కొన్నావు గనుక ఇంట్లోకి తీగ రాదు, అదొక్కటే కొంత నయం.

ఇక కంప్యూటర్. స్టేషన్ లెక్కలు తీసుకునే ఆ చిన్న కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై 4కు ఫోన్ చార్జర్ తగిలించకు, 5.1 వోల్టులు 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కొను. లాగ్‌లో, అంటే కంప్యూటర్ తను చేసిందంతా రాసుకునే చిట్టాలో, అండర్ వోల్టేజ్ అని కనబడితే సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందే అడాప్టర్, కేబుల్ మార్చు. స్టేషన్ లెక్కలు తీసుకుని దాచి గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ వీవెక్స్, దాని 5వ వెర్షన్‌ను ప్యాకేజీగా ఎక్కిస్తే అన్ని హక్కులుండే రూట్ యూజర్‌గా కాకుండా తన సొంత యూజర్ పేరుతో నడుస్తుంది, యూఎస్‌బీ పోర్టు తెరవడానికి పర్మిషన్ లేదంటే తగిలించిన పరికరాలకు పేరూ పర్మిషనూ ఇచ్చే యూడెవ్ రూల్ చూడు. రీబూట్ అయ్యాక పోర్టు పేరులో 0 ఉన్న చోట 1 వస్తే అదే రూల్లో పర్మనెంట్ పేరు పెట్టు. ఏది ఆగినా లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్ తెరిచి చదువు, చివరి లైన్ కాదు, మొదట ఎక్కడ చెడిందో ఆ లైన్. ఇవన్నీ నీకు నాకంటే బాగా వచ్చు.

నీకు రానిది, కాలేజీలో చెప్పనిది ఒకటుంది. టైం. పై 4లో సొంత గడియారం లేదు. కరెంటు పోతే అది ఎక్కడ ఆగిందో దాదాపు ఆ టైం దగ్గరే మళ్లీ లేస్తుంది, నెట్ దొరికాకే అసలు టైం తెలుసుకుంటుంది. పట్నంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర గాలిదుమారానికి కరెంటు పోతే దాంతోపాటే నెట్టూ పోతుంది, కరెంటు వచ్చిన గంటకో రెండు గంటలకో గానీ నెట్ రాదు. సరిగ్గా వాన పడే రోజే ఇదంతా జరుగుతుంది.

కల్వకుర్తి వైపు నాకొక దోస్తు ఉన్నాడు, రిటైరైన లెక్కల సారు. నీలాగే స్టేషన్ పెట్టుకున్నాడు. ఒక జూన్ 7న కరెంటు వచ్చింది, నెట్ రాలేదు, స్క్రీన్ మీద పాత టైం ఉంది. సారుకు ఓపిక ఎక్కడిది, టైం చేత్తో పెడదామని డేట్ కమాండ్ కొట్టాడు. దానికి ముందు నెల చెప్పాలి, తర్వాత తేదీ. ఆయన మనం రాసినట్టే తేదీ ముందు రాశాడు, 07, 06. కంప్యూటర్ జులై 6 అనుకుంది. వీవెక్స్‌ను రీస్టార్ట్ చేశాడు. అది కంప్యూటర్ టైంకూ, ఇంట్లో పెట్టి అంకెలు చూపిస్తూ రికార్డులు దాచుకునే డేవిస్ డబ్బా, అదే కన్సోల్, టైంకూ 5 సెకన్లకు మించి తేడా ఉంటే కన్సోల్ గడియారాన్నే మారుస్తుంది, దాంతో కన్సోల్ కూడా జులైలోకి పోయింది. 5 నిమిషాలకొక రికార్డు చొప్పున గంటలో డజను జులై రికార్డులు డేటాబేస్‌లో పడ్డాయి. అప్పుడు నెట్ వచ్చి టైం దానంతటదే సరైంది, ఈయన భోజనానికి పోయాడు.

సాయంత్రం చూస్తే గ్రాఫులు కదలడం లేదు. లాగ్‌లో ఎర్రర్ లేదు. ఎందుకుంటుంది? చివరి రికార్డు జులై 6ది కదా, దాని తర్వాతివే ఇవ్వమని వీవెక్స్ కన్సోల్‌ను అడుగుతుంది, అవి నెల దాకా పుట్టవు. సారు సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుని తీసేసి మళ్లీ ఎక్కించాడు, అయినా కదల్లేదు. ఎవరో ఫోన్లో కన్సోల్ మెమరీ తుడిచి డేటాబేస్ ఫైల్ తీసేయ్, కొత్తది తయారవుతుందన్నారు. తీసేశాడు. నిజంగానే కొత్తది తయారైంది, గ్రాఫులు పరుగెత్తాయి, కానీ ఏళ్ల వాన మొత్తం పోయింది. కాపీ లేదు. కంప్యూటర్ వచ్చింది కదా అని నోటు పుస్తకంలో రాయడం ఎప్పుడో మానేశాడు. ఫోన్లో ఆ మనిషి గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది, పశువు తప్పిపోయిన రైతులా మాట్లాడాడు.

చేయాల్సింది చిన్న పని. వీవెక్స్ ఆపాలి, డేటాబేస్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి, డేటాబేస్ తెరిచే ఎస్‌క్యూలైట్‌తో తెరిచి రికార్డులుండే ఆర్కైవ్ టేబుల్‌లో ఇప్పటి టైం కంటే ముందుకు పోయిన వరసలు మాత్రం తీసేయాలి, వీవెక్స్ సొంత కమాండ్ వీసీటీఎల్‌తో రోజువారీ లెక్కల టేబుళ్లు మళ్లీ కట్టించాలి, జులై రికార్డులు మళ్లీ రాకుండా కన్సోల్ మెమరీ కూడా తుడిపించాలి, స్టార్ట్ చేయాలి. టీ చల్లారేలోపు అయిపోయేది. కాపీ చేయకుండా ఆ ఫైల్ మీద చెయ్యి వేశావంటే ఊరికి వచ్చి మరీ తిడతా. ముందుగా డీఎస్ 3231 అనే గడియారం చిప్ కొని పెట్టు, చిన్న గుండీ బ్యాటరీతో కరెంటు లేకున్నా టైం నిలుపుకుంటుంది. నెట్ టైం వచ్చేదాకా వీవెక్స్ లేవకుండా, ప్రోగ్రాములను లేపే సిస్టమ్‌డీలో ఆపొచ్చు, కానీ ఆ రోజంతా నెట్ రాకపోతే అదీ లేవదు. చిప్పే మేలు. నోటు పుస్తకం కూడా పెట్టు.

వాన పడుతుంటే సున్నా చూపిస్తే కీబోర్డు ముట్టుకోకు, మబ్బు పోయాక పైకెక్కి వాన పట్టే గరాటులో సాలెగూడో కందిరీగలో ఉన్నాయేమో చూడు. కడిగేటప్పుడు పోసిన నీళ్లను అది వానగా లెక్కేస్తుంది, ఆ టైం రాసిపెట్టుకుని తర్వాత ఆ అంకె సరిచెయ్యి. ఇంకోటి, గరాటు కింద వాన నిండగానే ఒరిగి లెక్కేసే చిన్న బకెట్ ఒక్కసారి ఒరిగితే 0.2 మిల్లీమీటర్లా, అంగుళంలో నూరో వంతా అన్నది కన్సోల్ సెట్టింగులో సరిగ్గా ఉందా చూసుకో. సెకండ్ హ్యాండ్‌ది గనుక మరీ చూడు. 0.2ది పెట్టి అంగుళం లెక్క వదిలేస్తే 47 మిల్లీమీటర్ల వాన దగ్గర దగ్గర 60 అని చూపిస్తుంది.

ఆ 60 మామూలు అంకె కాదు కోడలా. 60-75 మిల్లీమీటర్లు పడి నేల బాగా తడిసాకే పత్తి గింజలు పెట్టమని వ్యవసాయ అధికారులు చెప్తారు. నువ్వు గ్రూపులో 60 అని వేస్తే, ఇంజనీరు పిల్ల మిషన్ పెట్టి చెప్పిందని చెల్క భూములోళ్లు పొద్దున్నే గింజలు పెట్టేస్తారు. తర్వాత పది రోజులు ఎండ కాస్తే ఆ గింజ మాడిపోతుంది, మళ్లీ ప్యాకెట్లు కొనాలి, ఆ అప్పు సంగతి నువ్వెరుగుదువు. అందుకే మొదటి సీజన్ గ్రూపులో ఏమీ వేయకు. పక్కన నిలువు అంచుల డబ్బా పెట్టి స్కేలుతో కొలిచి, మిషన్ లెక్కతో పోల్చి చూసుకో.

మండలం లెక్కతో కూడా పోల్చు, కానీ అది పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. వీవెక్స్ రోజు అర్ధరాత్రి మారుతుంది. రాత్రి 10కి పడ్డ వాన నీ దాంట్లో ఆ రోజుకు, వాళ్ల దాంట్లో మర్నాటికి పోతుంది. ఆ తేడా చూసి సాఫ్ట్‌వేర్ తప్పనుకుని పీకొద్దు.

చిన్నప్పుడు నా మల్టీమీటర్ ఎత్తుకుపోయి మంచం కింద దాక్కుని బ్యాటరీలు కొలిచిన పిల్లవి, ఇప్పుడు ఊరి వాన కొలుస్తానంటున్నావు. మీ అత్తతో రెండుసార్లు చెప్పుకున్నా, మూడోసారి చెప్తే విసుక్కుంది.

ఎక్కడైనా ఆగితే స్క్రీన్‌కు ఫోటో తీసి పంపకు, నాకు కనబడదు. లాగ్ ఫైలే పంపి, రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చెయ్యి.

మీ మామ