ఇంజన్ మార్చిన అంబాసిడర్ హీటెక్కుతోందన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

విజయవాడ నుంచి మావయ్య ఆశీస్సులు. నువ్వు ఫోన్లో చెప్పింది విన్నాక రాసి పంపడమే మంచిదనిపించింది. ఇది పట్టుకెళ్ళి గుంటూరులో మీ మేస్త్రీకి కూడా చూపించు.

అన్నిటికంటే ముందు, హెడ్ (ఇంజన్ పైభాగం) దింపనివ్వకు. రేడియేటర్ కొత్తది వేశారు. థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కాక రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) పీకేశారు. ఇప్పుడు హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద వేసే సీలు) పోయిందంటున్నారు. బండి ఏ వేళ హీటెక్కుతోంది, నిలబడి ఉన్నప్పుడా పరిగెత్తేటప్పుడా అని ఒక్కరూ అడగలేదు. అది తెలియకుండా ఇంకో రూపాయి పెట్టకు.

నీ బండికి పుట్టుకతో వచ్చింది 1489 సీసీ ఇంజన్. ఇప్పుడు కూర్చోబెట్టింది 1817 సీసీ ఇసుజు. కాలిన పెట్రోలు వేడిలో దాదాపు మూడో వంతు నీళ్ళలోకే దిగుతుంది కాబట్టి, పెద్ద ఇంజన్ అంటే రేడియేటర్‌కి పెద్ద పని. కానీ ఇదే ఇంజన్‌తో హిందుస్థాన్ మోటార్స్ కంపెనీయే అంబాసిడర్లు చేసి అమ్మింది, అవి మన ఎండల్లోనే తిరిగాయి. కాబట్టి ఇంజన్‌ని అనుమానించకు. పాతదీ కొత్తదీ కలిసిన చోట్లు చూడు. మీటరు, పైపులు, ఫ్యాను, నీళ్ళు పోసే ఎత్తు, ఈ నాలుగూ. ఇంజన్ మార్చిన బండి హీట్ సమస్యతో ఆటోనగర్‌కి వస్తే నేను వీటి దగ్గరే మొదలుపెడతాను.

మీటర్ సంగతి ముందు తేల్చుకో. డ్యాష్‌బోర్డులో ఉన్నది పాత బండి మీటరు, ఇంజన్ మీద ఉన్నది ఇసుజు సెన్సర్. ఆ రెండూ ఒకదానికొకటి సరిపడేవి కాకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. నీళ్ళు 88 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నా ఎర్రగీత చూపించవచ్చు. వేడి కొలిచే గన్ ఒకటి సంపాదించు. మెరిసే అల్యూమినియం మీద నేరుగా కొడితే అది తక్కువ చూపిస్తుంది. అందుకని థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్ల టేపు ముక్క అంటించి, ఆ టేపు మీద కొట్టి చూడు. 85 నుంచి 95 మధ్య ఉంటే నీకు హీట్ సమస్యే లేదు, మీటర్ సమస్య ఉంది. సెన్సరు, మీటరు జతగా కొని వేయిస్తే సరిపోతుంది.

నిజంగానే వేడెక్కుతోందనుకో. అప్పుడు రెండు రకాలుగా తిప్పి చూడు. ఒకసారి సాయంత్రం పూట లాడ్జి సెంటర్, బ్రాడీపేట ట్రాఫిక్‌లో మెల్లగా. ఇంకోసారి హైవే ఎక్కి కాజ టోల్‌ప్లాజా వైపు ఒకే స్పీడులో. ఊళ్ళో వేడెక్కి హైవే మీద చల్లబడితే గాలి చాలడం లేదు. ఊళ్ళో బాగుండి హైవే మీద ఎక్కుతుంటే నీళ్ళు చాలినంత తిరగడం లేదు, లేదా రేడియేటర్ ఆ వేడిని వదల్లేకపోతోంది. ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే లోపల గాలి బుడగ ఉంది, లేదా నీళ్ళు తగ్గాయి.

నువ్వు చెప్పిన లెక్కన నీది మొదటి రకంలా, అంటే గాలి చాలనిదిలా ఉంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించానన్నావు. దాని వైర్లు తారుమారైతే తిరగడం తిరుగుతుంది, గాలి మాత్రం వెనక్కి తోస్తుంది. బండి ఆపి, ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకో. అది లోపలికి అతుక్కోవాలి. ఎగిరిపోతే తప్పు అక్కడే. తర్వాత ఫ్యాన్ చుట్టూ డొప్ప (రేడియేటర్ మొత్తం మీదుగా గాలి లాగేలా చేసే తొడుగు) ఉందా చూడు. డొప్ప లేని ఫ్యాను తన రెక్కల ముందున్న గుండ్రం మేరే లాగుతుంది, రేడియేటర్ మూలలు ఊరికే ఉంటాయి. రేకుతో డొప్ప కట్టించడం చిన్న పని. చాలామంది దాన్ని అనవసరమని వదిలేస్తారు. నా లెక్కలో మాత్రం కొత్త రేడియేటర్ కంటే ముందు చేయించాల్సింది అదే. రేడియేటర్ పక్కల్లో, పైన ఉన్న సందులు కూడా స్పాంజితో మూయించు. లేకపోతే ఇంజన్ వైపున్న వేడిగాలే ముందుకి చుట్టి వచ్చి మళ్ళీ రేడియేటర్‌లో దూరుతుంది. ఏసీ పెట్టించే ఆలోచన ఉంటే ఇవన్నీ తేలేదాకా ఆపు. ఏసీ వేడిని వదిలే కండెన్సర్ రేడియేటర్ ముందుకొచ్చి కూర్చుంటే అందే గాలి ఇంకా వేడెక్కుతుంది.

గాలి బుడగ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఇది అందరూ వదిలేసేది. కొత్త ఇంజన్‌లో నీళ్ళు తిరిగే పైభాగం రేడియేటర్ మూత కంటే ఎత్తుగా ఉంటే, నువ్వు మూత దాకా నింపినా హెడ్ పైన గాలి అలాగే ఉండిపోతుంది. గాలి వేడిని లాగదు. ఇసుజు హెడ్ అల్యూమినియం, పాత ఇంజన్ హెడ్ ఇనుము. అల్యూమినియం త్వరగా వంగుతుంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను. తెల్లవారి ఇంజన్ చల్లగా ఉండగా ముందు చక్రాలు ఎత్తుమీద పెట్టు, మూత తీసి స్టార్ట్ చెయ్యి. తిరిగి వేయించిన థర్మోస్టాట్ తెరుచుకుని పై పైపు వేడెక్కేదాకా ఉంచి, బుడగలు వచ్చిన కొద్దీ నింపుతూ పో. హీటర్‌కి వెళ్ళే పైపులు మూసేశారేమో కూడా చూడు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపూ నీళ్ళు ఆ దారిలోనే తిరగాలి. హీటర్ లేకపోతే ఆ రెండు మూతులూ ఒక పైపుతో కలపాలి తప్ప బిరడా కొట్టకూడదు. ఇంత చేసినా బుడగ మిగులుతుంటే, అన్నిటికంటే ఎత్తులో చిన్న ట్యాంకు పెట్టించి అక్కడినుంచే నీళ్ళు పోసేలా చేయించు.

థర్మోస్టాట్ తిరిగి వేయించు. మన ఊళ్ళలో ఎండ పేరు చెప్పి దాన్ని పీకెయ్యడం అలవాటైపోయింది, నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. చాలా ఇంజన్లలో అది తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉండి, కొంత వేడినీరు రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. దాని మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది, ఇసుజుకి చెప్పిందే తీసుకో. చిన్న సూదిరంధ్రం పైవైపుకి ఉండేలా బిగించమను, గాలి అక్కడినుంచి పోతుంది.

హైవే మీద ఎక్కితే కింది హోస్ పైపు చూడు. ఇంజన్ జోరులో పంపు నీళ్ళని లాగినప్పుడు మెత్తటి పైపు లోపలికి చప్పబడిపోతుంది. లోపల స్ప్రింగు ఉంటే ఆగుతుంది. రెండు సైజుల పైపులు ముక్క వేసి కలిపి ఉంటే ఆ మడత కూడా తీయించు. టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, వెనకబడినా వేడి పెరుగుతుంది, టైమింగ్ లైటుతో చూపించుకో. మీ మేస్త్రీ ఇంజన్ ఎక్కడ కొన్నాడో కూడా అడుగు. ఏళ్ళ తరబడి పక్కన పడి ఉన్న ఇంజనైతే బ్లాకు లోపల తుప్పు పేరుకుని ఉంటుంది. ఆ తుప్పంతా నీ కొత్త రేడియేటర్‌లోకే వస్తుంది. బ్లాకు విడిగా కడిగించు. ఇకమీదట బోరునీళ్ళు పొయ్యకు, గార కడతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం.

మూత కూడా చూడు. కుక్కర్ లాగానే ఇక్కడా ప్రెషర్ వల్లే నీళ్ళు త్వరగా మరగవు. కేజీ ప్రెషర్ పట్టే మూతతో ఉత్త నీళ్ళు కూడా 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. రబ్బరు పోయిన మూతతో 100 దాటగానే పొంగుతాయి. రేడియేటర్ ఎంత ప్రెషర్ తట్టుకుంటుందో అడిగి దానికి తగ్గ మూతే వెయ్యి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఎవరెంత తొందరపెట్టినా తెరవకు, మొహం కాలుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే గ్యాస్కెట్. స్టార్ట్ చేసిన వెంటనే, ఇంకా చల్లగా ఉండగానే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావడం, నూనె పాలలా మారడం, పొగగొట్టం నుంచి తెల్లపొగ తగ్గకపోవడం, కారకుండానే నీళ్ళు తగ్గిపోవడం దాని గుర్తులు. అనుమానముంటే రేడియేటర్ మూతి దగ్గర నీలం రంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది, ఇంజన్ గ్యాసు తగిలితే అది పసుపుగా మారుతుంది. హెడ్ దింపేముందు ఆ పరీక్ష చేయించాల్సిందే.

కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కించావో లేదో నువ్వు చెప్పలేదు. ఎక్కించకపోతే ఆర్టీవో ఆఫీసు పని కూడా చూసుకో, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కొస్తుంది.

ఈ ఆదివారం ముందు టేపు వేసి మీటర్ తేల్చు, తర్వాత కాగితం పట్టి చూడు. ఊళ్ళో ఎంత వచ్చింది, హైవే మీద ఎంత వచ్చింది, రెండు అంకెలూ నాకు పంపు. దారిలో ముల్లు ఎక్కితే టెన్షన్ పడకు. పక్కకి ఆపు, ఇంజన్ కట్టెయ్యి, చల్లారేదాకా నీళ్ళు పొయ్యకు. డొప్ప కట్టించాల్సి వస్తే బండి ఇక్కడికి తీసుకురా, నేను దగ్గరుండి చేయిస్తాను.

మీ మావయ్య