వరద ఏడు పుట్టినవాడి పుట్టినరోజు ఎప్పుడు?

మీ తాతగారికి ఎనభై దగ్గరపడుతోందని, ఆధార్‌లో ఉన్న జూలై 1 తన అసలు పుట్టినరోజు కాదని ఆయనే అంటున్నారని రాశారు. మీది క్రైస్తవ కుటుంబమని, ఇంటి దగ్గర ప్రార్థన పెట్టుకోవాలంటే ఏ తేదీన పెట్టుకోవాలని అడిగారు. పాతవాళ్లు పుట్టినరోజులు, కాన్పులు ఎలా గుర్తుపెట్టుకునేవారనీ అడిగారు. నేనూ తాతనే. రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరి గట్టు పక్కన మా ఊరు. ఎలిమెంటరీ స్కూల్లో ముప్పై నాలుగేళ్లు పంతులుగా చేసి రిటైరయ్యాను. నలుగురు మనవలు. నాకు తెలిసింది రాస్తున్నాను, కాస్త పెద్దదవుతుంది.

ముందు ఆ జూలై 1 సంగతి. అది రాసింది నాలాంటి పంతులే అయ్యుంటాడు. మా రోజుల్లో పిల్లాణ్ణి బళ్లో వేయడానికి పుట్టిన కాగితం ఎవరూ తెచ్చేవారు కాదు. పిల్లాడి కుడిచెయ్యి నెత్తిమీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్లం. అందితే ఐదేళ్లు నిండినట్టు. తర్వాత తల్లిని అడిగితే "వరికోతలప్పుడండి" అనేది, లేకపోతే "అంతర్వేది తీర్థానికి ముందండి" అనేది. అడ్మిషన్ రిజిస్టర్లో ఆ మాట రాయడానికి చోటు లేదు. ఐదేళ్లు వెనక్కి లెక్కగట్టి జూన్ 1 అనో, జూలై 1 అనో వేసేసేవాళ్లం. నా చేత్తో అలా ఎంతమందికి వేశానో లెక్కలేదు. ఆ తల్లి చెప్పిన గుర్తు ఎక్కడో ఒకచోట రాసిపెట్టి ఉండాల్సిందని ఇప్పుడు బాధపడతాను. అసలు తేదీ ఆవిడ నోట్లోనే ఉండేది. ఆధార్ తీసేటప్పుడూ అంతే, తేదీ తెలియదని వయసు మాత్రమే చెప్పినవాళ్లకి జనవరి 1 పడింది.

అందుకని తాతగారిని "మీరు ఏ తేదీన పుట్టారు" అని అడగకండి. "మీ అమ్మగారు ఏమని చెప్పేవారు" అని అడగండి. అప్పుడు మాట వస్తుంది.

నా విషయమే చెబుతాను. 1953 ఆగస్టులో గోదావరికి పెద్ద వరదొచ్చింది. మా అమ్మానాన్నా ఏటిగట్టు మీదే తాటాకుల కింద ఉన్నారు. నీళ్లు తీశాక ఇంటికి వచ్చారు. "గోడలకి బురద ఇంకా ఆరలేదు. వరద తీశాక మూడో ఆదివారం. మీ నాన్న ప్రార్థన కూటానికి వెళ్లొచ్చేసరికి నువ్వు పుట్టావు." మా అమ్మ చచ్చిపోయేదాకా ఇదే చెప్పింది, ఒక్క ముక్క మారలేదు. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది కాబట్టి ఏడు విషయంలో అనుమానం లేదు. సర్టిఫికెట్లో నాది 1-7-1952. దాని ప్రకారమే 2010 జూన్ 30న యాభై ఎనిమిదేళ్లకి దిగిపోయాను.

మా నాన్న కామందు దగ్గర పాలేరు. సండే స్కూల్లో చదవడం నేర్చుకున్నాడు గానీ రాయడం సరిగా రాదు. 1962లో నరసాపురం వెళ్లి బైబిలు కొనుక్కొచ్చాడు. అదే ఏడు మా చెల్లి పుట్టింది. బోధకుడుగారు ప్రార్థన చేయడానికి వచ్చినప్పుడు నాన్న బైబిలు ముందు పేజీ తీసి, పిల్ల పుట్టిన తేదీ రాయమన్నాడు. ఆయన చెవి సందులోంచి పెన్సిలు తీసి రాశారు. నాకు తొమ్మిదేళ్లు. పక్కన నిలబడి చూస్తున్నాను. "మరి నాదేది నాన్నా?" అన్నాను. "నువ్వు పుట్టినప్పుడు మనింట్లో రాసేవాళ్లు లేర్రా" అన్నాడు. బోధకుడుగారు ఒక్క క్షణం ఆగి, చెల్లి పేరుకి పైన వేలు పెట్టి చూపించి "ఈ వరస నీది, ఖాళీగా ఉంచాను" అన్నారు.

ఆ ఖాళీ వరస యాభై ఏళ్లు అలాగే ఉంది.

ఇది పిల్లాడి అలక అనుకోవద్దు. పెద్దిళ్లలో బిడ్డ పుడితే పురోహితుడుగారు తిథి, నక్షత్రం చూసి జాతకం రాసేవారు. మా పేటకి ఆయన రారు. మునసబు దగ్గర జననాల రిజిస్టరు ఉండేది, పాలేరు పనిలోంచి మానుకుని వెళ్లి ఎక్కించుకునేవాళ్లు తక్కువ. మా మనుషుల పేర్లు తేదీతో సహా గౌరవంగా రాసిపెట్టిన మొదటి చోటు బైబిలు ముందు పేజీయే, లేదా గుడి రిజిస్టరు. అందుకే మా తరం వాళ్లు ఆ పేజీని అంత భద్రంగా చూసుకుంటారు.

గుడి రిజిస్టరు అన్నాను గానీ, అది అన్ని సంఘాల్లోనూ ఉండదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషను తాలూకు సంఘం మాది. మాలో పసిబిడ్డలకి బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక, నమ్ముకుని, సొంతంగా తీసుకోవాలి. అందుకని పుట్టినప్పుడు సంఘం పుస్తకంలోకి ఎక్కే పనే లేదు. మా ఆవిడది భీమవరం వైపు లూథరన్ కుటుంబం. వాళ్లలో పసితనంలోనే బాప్తిస్మం. గుడి రిజిస్టర్లో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ అన్నీ ఉంటాయి. ఆవిడ 1957 మార్చి 12న పుట్టింది, తేదీ అనుమానం లేకుండా తెలుసు. పెళ్లయిన కొత్తలో ఈ ఒక్క విషయంలో ఆవిణ్ణి చూస్తే నాకు అసూయగా ఉండేది. మీ తాతగారిది లూథరన్, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి సంఘమైతే, ఏమీ ఆలోచించకుండా ముందు ఆయన పుట్టిన ఊరి గుడికి వెళ్లి పాత బాప్తిస్మం పుస్తకం చూపించమని అక్కడి పాస్టరు అయ్యగారిని అడగండి. క్యాథలిక్‌లయినా అంతే. దొరికితే మీ ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

ఇక మా ఇంట్లో కాన్పులు. పెద్దమ్మాయి 1978లో భీమవరంలో అమ్మమ్మగారింట్లో పుట్టింది. తొలిచూలు కాబట్టి పుట్టింటికి పంపాం. నేను వెళ్లేసరికి మా అత్తగారు బాలింతకి పాలసొర పిట్టు వండి పెడుతున్నారు, ఇల్లంతా వెల్లుల్లి వాసన. బిడ్డని చేతికిచ్చారు. ఇంటికి రాగానే ఫౌంటెన్ పెన్నుతో, మంచి నీలి సిరాతో, బైబిల్లో నా మొదటి రాత రాశాను.

1981లో బాబు. పదకొండు రోజులున్నాడు. ఇరవై ఒకటో రోజున ప్రార్థన పెట్టుకుని పేరు పెడదామనుకున్నాం. అందుకని బైబిల్లో పేరు లేదు, "బాబు" అని ఉంది, రెండు తేదీలున్నాయి. రెండో తేదీ రాయొద్దని మా అమ్మ అంది. మా ఆవిడే రాయమంది.

చిన్నోడు 1986 వరదలో పుట్టాడు. ఆగస్టు పదహారు రాత్రి గట్టు తెగిందని కేకలు. ఊళ్లో డాబా ఉన్నది బడికే, తాళం నా దగ్గరే. పేటంతా బళ్లోకి వచ్చేశారు. మా ఆవిడకి నెలలు నిండి ఉన్నాయి, నడుం లోతు నీళ్లలో ఇద్దరం పట్టుకుని తీసుకొచ్చాం. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. నాలుగు బెంచీలు కలిపి, చుట్టూ చీరలు కట్టారు. మంత్రసాని మామ్మకి అప్పటికే చూపు సరిగా ఆనదు, చేతులతోనే చూసేది. బయట ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు, మా ఆవిడ కేకలు పిల్లలకి వినపడకూడదని. నా టెన్షన్ చెప్పలేను, చీర ఇవతల నిలబడి హెచ్.ఎం.టి. వాచీ వైపే చూస్తున్నాను. నాలుగూ పదికి ఏడుపు వినపడింది.

రాసుకోవాలి. బైబిలు ఇంట్లో అటక మీద ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. కాగితమన్నదంతా తడిసిపోయింది. మేజా సొరుగులో సుద్దముక్క దొరికింది. నల్లబల్ల మీద రాశాను: "17-8-1986, ఆదివారం, తెల్లవారుజామున 4.10. మగబిడ్డ. తల్లీ బిడ్డా క్షేమం." పొద్దున్న వెలుగొచ్చాక లేచినవాళ్లు లేచినట్టు బల్ల దగ్గరికి వచ్చి చదువుకున్నారు. చదువు రానివాళ్లకి పిల్లలు చదివి చెప్పారు.

నీళ్లు తీశాక ఇంటికి వెళ్లి చూస్తే ట్రంకుపెట్టె మునిగింది. బైబిలు ఉబ్బిపోయి ఇటికరాయిలా ఉంది. రోజూ ఎండలో పెట్టి ఒక్కో ఆకూ విడదీశాం. ముందు పేజీ చూద్దును కదా, నేను సిరాతో రాసినవన్నీ నీలిమరకలైపోయాయి. బోధకుడుగారు పెన్సిలుతో రాసిన చెల్లి పేరు మాత్రం నిన్న రాసినట్టుంది. దాని పైన నా ఖాళీ వరస అలాగే ఉంది. మా ఆవిడ ఆ మరకల్లో ఒకదాని మీద వేలు పెట్టి "ముందు వీడిది రాయండి" అంది. బాబుది. రాశాను, పెన్సిలుతో. తర్వాత పెద్దమ్మాయిది. బడి మళ్లీ తెరిచిన రోజున నల్లబల్ల మీది నాలుగు ముక్కలూ బైబిల్లోకి ఎక్కించుకుని, అప్పుడు బల్ల తుడిచాను. అప్పటినుంచి మా ఇంట్లో ఆ పేజీలో పెన్నుతో రాయం. మీరూ పెన్సిలుతోనే రాయండి.

ఆ వరదలో పుట్టినవాడు ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు, కోడలు అక్కడే నర్సు. వాళ్ల పాప 2016లో, అక్కడి టైమ్ ప్రకారం నవంబరు 8 రాత్రి 10.50కి పుట్టింది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఫోన్ మోగేసరికి ఇక్కడ తొమ్మిదో తారీఖు వచ్చేసింది. నేను 8 అనే రాశాను, బిడ్డ పుట్టిన చోటి లెక్కే లెక్క. కింద చిన్నగా "ఇక్కడ 9, అర్ధరాత్రి దాటి 1.20" అని కూడా రాశాను. మా ఆవిడ ఎనిమిదిన ఒకసారి, తొమ్మిదిన ఒకసారి ఫోన్ చేసి ప్రార్థన చేస్తుంది.

పుట్టినరోజు మా ఇంట్లో పెద్ద ఆర్భాటం కాదు. పొద్దున్న కుటుంబ ప్రార్థనలో ఆ బిడ్డ పేరు పెట్టి ప్రార్థన. ఎన్నేళ్లు నిండితే బైబిల్లో ఆ అంకె కీర్తన చదవడం. పెద్ద మనవరాలికి ఇరవై మూడు నిండిన ఏడు ఎవరూ బైబిలు తెరవలేదు, "యెహోవా నా కాపరి" అనే ఆ కీర్తన అందరికీ కంఠతా వచ్చు కాబట్టి ఫోన్లో ఉన్న కువైట్ వాళ్లతో సహా అందరూ చూడకుండా చెప్పేశారు. ఆదివారం సంఘంలో కవర్లో కృతజ్ఞత కానుక వేస్తే అయ్యగారు ముందుకు పిలిచి ప్రార్థన చేస్తారు. ఇంటికొచ్చాక పాలతాలికలు. బాబు తేదీన పాలతాలికలుండవు, ప్రార్థన ఉంటుంది.

ఒక మాట గమనించుకోండి. మీ తాతగారు అసలు పుట్టినరోజే వద్దంటే తేదీ తెలియక అంటున్నారనుకోకండి. పాత విశ్వాసులు చాలామంది ఒప్పుకోరు. బైబిల్లో పుట్టినరోజు విందులు చేసుకున్నది ఫరో, హేరోదు అనే రాజులు, ఆ రెండు చోట్లా మనిషి ప్రాణం పోయిందని మా నాన్న గట్టిగా అనేవాడు. ఆయన మాట కొట్టిపారేయలేను. కానీ తొంభయ్యో కీర్తనలో దినాలు లెక్కపెట్టుకోవడం నేర్పమని అడిగింది కూడా ఆ బైబిల్లోనే ఉంది కదా. కేకు, కొవ్వొత్తులు ఆయనకి ఇష్టం లేకపోతే మానేయండి. కృతజ్ఞత ప్రార్థన అని చెప్పండి, ఒప్పుకుంటారు.

కాగితాల జోలికి మాత్రం పోవద్దు. ఆధార్, పెన్షన్, బ్యాంకు అన్నీ ఒకే తేదీతో ఉంటే ఎనభై ఏళ్ల మనిషిని ఇప్పుడు ఆఫీసుల చుట్టూ తిప్పకండి. పుట్టబోయేవాళ్ల విషయంలో అశ్రద్ధ చేయకండి. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇరవై ఒక్క రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టే పిల్లలకి బడికైనా, ఆధార్‌కైనా పుట్టిన తేదీకి ఆ జనన సర్టిఫికెట్టే ఆధారం. చెవి పట్టుకుని చూపించే రోజులు పోయాయి.

నాకు అరవై నిండినప్పుడు పిల్లలు మీలాగే అడిగారు, ఏ తేదీన చేద్దామని. అమ్మ చెప్పిన గుర్తుల్ని బట్టి సెప్టెంబరు మొదటి ఆదివారం అనుకున్నాం. ఏటా అదే. 2013లో ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, అప్పటికి పన్నెండేళ్ల మా పెద్ద మనవరాలు బైబిలు తీసుకొచ్చి "తాతయ్యా, మీ వరసలో నేను రాయనా?" అంది. పెన్సిలు చెక్కి ఇచ్చాను. "1953, వరద ఏడు, నీళ్లు తీశాక మూడో ఆదివారం" అని రాసింది. ఈ తరం పిల్ల, తేదీ వేస్తుందనుకున్నాను. మా అమ్మ చెప్పిన మాటే వేసింది.

మీ తాతగారికి అక్కలుగానీ, వాళ్ల వయసు మేనత్తలుగానీ ఉంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. కాన్పుల సంగతులు ఆడవాళ్లకి గుర్తున్నట్టు మగవాళ్లకి ఉండవు. మా పెద్దక్క 2019లో పోయింది. నేను పుట్టినప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్లు, ఆ పూట ఇంట్లోనే ఉందట. పొద్దున్నా సాయంత్రమా అన్నది ఆవిణ్ణి అడుగుదామనుకుంటూనే ఉండిపోయాను.