కోపెన్‌హాగెన్‌కు ఒక్కదాన్నే వెళ్లాలని ఉంది... రుణం తీసుకోనా?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 78 వేల రూపాయలు చేతికొస్తాయి. అద్దె, ఇతర ఖర్చులు 49 వేలు, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్ పెట్టుబడి) 15 వేలు పోను 14 వేలు మిగులుతున్నాయి. 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఏప్రిల్‌లో 80 వేల దాకా బోనస్ వస్తుంది. వచ్చే మే నెలలో ఎనిమిది రోజులు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ వెళ్లి, సైకిల్ మీద ఊరంతా తిరగాలని కోరిక. 14 శాతం వడ్డీకి రెండేళ్ల వ్యక్తిగత రుణం ఇస్తామంటున్నారు. రుణం తీసుకోనా, డిపాజిట్ తీసేయనా? ప్యాకేజీలో వెళ్తే చవక అంటున్నారు, నిజమేనా? అమ్మ మాత్రం ఒంటరిగా ఎందుకని అడుగుతోంది.

జవాబు: రుణం వద్దు, డిపాజిట్ జోలికి వెళ్లొద్దు, సిప్ ఆపొద్దు. మే బదులు సెప్టెంబరులో వెళ్లండి. ఈ నవంబరు నుంచి ఆగస్టు దాకా పది నెలలు మిగులు 14 వేలను రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 1.40 లక్షలు. బోనస్ కలిపితే 2.20 లక్షలు. ఈ ప్రయాణానికి నేను కట్టిన లెక్క కూడా దాదాపు అంతే వచ్చింది. వేరే బ్యాంకులో వేసుకుంటే నెల చివర చెయ్యి అటు పోకుండా ఉంటుంది. పది నెలల్లో కావలసిన డబ్బుకు ఈక్విటీ ఫండ్లు మాత్రం చోటు కాదు.

2.20 లక్షలు రుణంగా తీసుకుంటే నెలకు దాదాపు 10,560 చొప్పున రెండేళ్లు కట్టాలి. వడ్డీయే 33 వేలు దాటుతుంది. కోపెన్‌హాగెన్ హాస్టల్ డార్మిటరీలో ఏడు రాత్రుల పడకకు నేను వేసిన ఖర్చూ ఇంచుమించు ఇంతే. డిపాజిట్ విషయానికొస్తే, అది మీ ఆరు నెలల ఖర్చు. ఒంటరిగా జీవిస్తున్న ఉద్యోగికి అది పొదుపు కాదు, రక్షణ.

రుణంతో ఇంకో చిక్కు కూడా ఉంది. డెన్మార్క్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు పనికొచ్చే షెంజెన్ వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపాలి. దరఖాస్తుకు నెల ముందు ఖాతాలో ఒక్కసారిగా రెండు లక్షలు వచ్చి పడితే అధికారికి సందేహం కలగడం సహజం. నెలనెలా జీతం పడుతూ, పొదుపు పెరుగుతూ ఉన్న ఖాతా మీ తరఫున మాట్లాడుతుంది.

ఇక ఖర్చు. డెన్మార్క్ ఐరోపా సంఘంలో ఉన్నా యూరో వాడదు, దాని కరెన్సీ క్రోన్. అయితే క్రోన్ విలువను యూరోకు ముడివేశారు (యూరోకు సుమారు 7.46 క్రోన్లు). కాబట్టి మీరు గమనించవలసింది రూపాయికీ యూరోకీ మధ్య మారకం రేటునే. క్రోన్‌కు 14 రూపాయల చొప్పున లెక్క వేశాను. విమానానికి 70 వేలు, వీసాకు సేవా రుసుముతో కలిపి 12,500, బీమాకు 2 వేలు, తిండికి రోజుకు 250 క్రోన్లు, అంటే మొత్తం 28 వేలు. వారం రోజుల సైకిల్ అద్దె 8,400. విమానాశ్రయం మెట్రో, ఒకటి రెండు రైలు ప్రయాణాలకు 2,800. టివోలీ వినోద ఉద్యానం, మ్యూజియాల వంటి వాటికి 11,200. బస తప్ప మిగతావన్నీ కలిపితే 1.35 లక్షలు. ధరలు మారుతాయి, బుక్ చేసే రోజున మళ్లీ చూసుకోండి.

ఈ ఊళ్లో జేబుకు చిల్లు పెట్టేది బస. ఇద్దరు వెళ్తే గది అద్దె సగమవుతుంది. ఒక్కరే వెళ్తే మొత్తం మీదే. మామూలు సింగిల్ గదికి రాత్రికి 900 క్రోన్లు అనుకున్నా ఏడు రాత్రులకు 88 వేలు అవుతుంది. మహిళల డార్మిటరీలో పడక 350 అనుకుంటే 34 వేలు. నా సలహా ఈ రెంటి మధ్యది. నాలుగు రాత్రులు డార్మిటరీ, చివరి మూడు రాత్రులు సొంత గది. 57 వేలతో సరిపోతుంది. ఎనిమిది రోజులూ పది మంది మధ్య నిద్రపోతే అలసట తీరదు. అలసిన మనిషి అడ్డదిడ్డంగా ఖర్చు పెడుతుంది. ఇంతవరకు మొత్తం 1.92 లక్షలు, మిగిలిన 28 వేలు అనుకోని వాటికి.

సైకిల్ అసలు ఉపయోగం ఇక్కడే. నగరం నడిబొడ్డున గది వెతకక్కర్లేదు. నోరెబ్రో, అమేయర్ వంటి పేటల నుంచి నడిబొడ్డుకు సైకిల్ మీద పావుగంట, ఇరవై నిమిషాలు. రహదారి పక్కనే సైకిళ్లకు విడిగా ఎత్తైన బాట ఉంటుంది. ఇండర్‌హావ్న్స్ వంతెనైతే 2016 నుంచి పాదచారులకూ సైకిళ్లకూ మాత్రమే. దూరం వెళ్లాలంటే ఎస్-టోగ్ అనే లోకల్ రైళ్లలో సైకిల్‌ను రుసుము లేకుండా ఎక్కించవచ్చు. మెట్రోలో మాత్రం దానికి టికెట్ కొనాలి. స్ట్రోయెట్ అనే బజారు వీధి 1962 నుంచి నడిచేవారిదే, అక్కడ సైకిల్ దిగాల్సిందే.

సైకిల్ తొక్కి ఎన్నేళ్లయిందో మీరు రాయలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల బాట ఉందిగా, కొన్ని ఆదివారాలు అక్కడ సాధన చేయండి. డెన్మార్క్‌లో కుడివైపు నడపాలి. ఆగే ముందు చెయ్యెత్తాలి. ఎడమకు తిరగాలంటే కూడలి దాటి ఆగి, అక్కడి నుంచి రెండోసారి దాటాలి. చేతిలో ఫోను పట్టుకుని తొక్కితే జరిమానా వెయ్యి క్రోన్ల స్థాయిలో ఉంటుంది, నాలుగు రోజుల తిండి ఖర్చు అది! దారి చూసుకోవాలంటే పక్కకు ఆగండి.

కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు, సీసా పట్టుకెళ్లండి. ఉదయం సూపర్‌మార్కెట్ రొట్టె, పెరుగు, పండ్లు, రోజుకు ఒక పూటే బయట భోజనం. బిల్లు మీద టిప్పు ఇవ్వాల్సిన పని లేదు. ఇస్లామిక్ కళాఖండాలున్న డేవిడ్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఇస్లాండ్స్ బ్రుగ్గె దగ్గర ఓడరేవు నీటిలో ఈత కూడా ఉచితమే, సెప్టెంబరు చలికి తట్టుకుంటే.

ప్యాకేజీ మాట. ఐరోపా ప్యాకేజీల్లో చాలావాటికి ఈ నగరం ఒకటి రెండు రోజుల మజిలీ మాత్రమే. ఒక్కరే వెళ్తే గదికి అదనపు రుసుము వేస్తారు. పైగా ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవారు ముందుగానే వసూలు చేసే పన్ను) తొలి రూపాయి నుంచే పడుతుంది. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. సొంతంగా తీసుకెళ్లే విదేశీ కరెన్సీకైతే ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు.

మామూలు క్రెడిట్ కార్డు గీస్తే మార్పిడి రుసుము మూడున్నర శాతం దాకా, దానిపై జీఎస్టీ. అక్కడి మీ ఖర్చు మీద దాదాపు 4,400 వృథా. ఆ రుసుము లేని కార్డు ఇప్పుడే తీసుకోండి. చెల్లించేటప్పుడు యంత్రం ‘రూపాయల్లోనా, క్రోన్లలోనా’ అని అడిగితే క్రోన్లే నొక్కండి. రెండో కార్డు వేరే బ్యాంకుది, వేరే సంచిలో ఉండాలి. ఒంటరి ప్రయాణంలో కార్డు పోతే పక్కన చేబదులు ఇచ్చేవారుండరు. అమ్మగారి ప్రశ్నకు జవాబు మీరే చెప్పాలి. బీమా పాలసీ, హాస్టల్ చిరునామా, విమానాల వివరాలు ఆమె దగ్గర ఉంచితే ఆ సంభాషణ కాస్త తేలికవుతుంది. వీసాకు బీమా కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. సైకిల్ ప్రమాదాలకూ అది వర్తిస్తుందో లేదో కొనే ముందు చదవండి.

జూన్‌లో వీసాకు దరఖాస్తు చేయండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అవకాశం ఉంటుంది. అప్పటికి బోనస్ కూడా చేతిలో ఉంటుంది. బసను రద్దు చేసుకునే వీలుతో బుక్ చేయండి. విమానం టికెట్ మాత్రం వీసా చేతికొచ్చాకే. ఒకవేళ తిరస్కరిస్తే 90 యూరోల రుసుము, సేవా రుసుము తిరిగి రావు. రికరింగ్ డిపాజిట్‌లోని మిగతా డబ్బంతా అలాగే ఉంటుంది.