అరటిపండు మానేశాను, బరువు మాత్రం దిగట్లేదు!

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, స్కూల్లో టీచర్ని. రెండో కాన్పు తర్వాత పొట్ట దగ్గర బాగా ఒళ్ళొచ్చేసింది. రెండు నెలలుగా రాత్రిపూట అన్నం మానేసి పళ్ళే తింటున్నాను. మొదటి వారం రెండు కిలోలు తగ్గాను, ఆ తర్వాత ముల్లు కదలడం లేదు. పక్కింటి ఒడియా ఆంటీ అరటిపండు, మామిడిపండు తింటే కొవ్వు పడుతుందంటే అరటిపండు కూడా మానేశాను. మా అత్తగారేమో కూరలు ఎంత తిన్నా ఫర్వాలేదంటారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకురాలు, గుణుపురం (ఒడిశా)

జవాబు: ముందు ఆ రెండు కిలోల సంగతి చూద్దామమ్మా. అందులో చాలావరకు నీళ్ళే. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండరాల్లో దాగి ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి అన్నం తగ్గించగానే ఆ నిల్వ, దాంతోపాటు నీరూ బయటికి పోతాయి, మనం మురిసిపోతాం. అసలు కొవ్వు ఒక కిలో కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. ఈ లెక్కన వారంలో రెండు కిలోల కొవ్వు తగ్గాలంటే దాదాపు కడుపు మాడ్చుకోవాల్సిందే. కాబట్టి ముల్లు ఆగిపోయిందని టెన్షన్ పడకండి, ముల్లు మొదటివారం అబద్ధం చెప్పింది, అంతే.

ఇక మీ అత్తగారి మాట. కూరగాయ వరకు ఆవిడ చెప్పింది నిజమే, కూర దగ్గరికొచ్చేసరికి కాదు. పావుకిలో దొండకాయల్లో ఉండేది 50 కేలరీలకు అటూ ఇటూగా. వాటిని చక్రాల్లా తరిగి వేపుడుకి మూకుట్లో వేశాక నూనె ఎంత పోశారో ఈసారి కొలిచి చూడండి. గిన్నె వంచి పోయడం మన ఇళ్ళలో అలవాటు కాబట్టి ఎవరికీ లెక్క తెలియదు. ఒక పెద్ద చెంచాడు నూనె, అంటే సుమారు 14 గ్రాములు, 120 కేలరీలు. వేపుడు కరకరలాడాలని మూడు చెంచాలు పోస్తే 360. అంటే మీరు తింటున్నది దొండకాయ రుచి పట్టించిన నూనె! వంకాయ ఇంకా ఘోరం, స్పాంజిలా పీల్చేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, 2,000 కేలరీల రోజువారీ పళ్ళేనికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు పెట్టారు, నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. పొద్దున్న దోసె నుంచి రాత్రి పోపు దాకా అన్నిటికీ కలిపి రెండు పెద్ద చెంచాలన్నమాట.

పక్కింటి ఆంటీ విషయంలో మాత్రం అరటిపండు తరఫున వాదించాల్సి వస్తోంది. ఓ మాదిరి అరటిపండు 100 కేలరీల చిల్లర. మామిడిపండు గుజ్జు వంద గ్రాములకు 60, సీతాఫలం, పనసతొన దాదాపు 100. ఏ పండైనా దానంతట అది కొవ్వు పెంచదు, రోజు మొత్తం మీద ఖర్చయ్యేదానికన్నా ఎక్కువ తింటేనే పెరుగుతుంది. తంటా ఎక్కడంటే, పళ్ళు వేరేదాని బదులుగా కాక అన్నిటి మీద అదనంగా వచ్చి పడతాయి. మధ్యాహ్నం అన్నం యథాతథం, సాయంత్రం టీ, బిస్కట్లు యథాతథం, పైన మామిడిపళ్ళు!

మీ ఉత్తరంలో రాత్రిపూట పళ్ళు తింటారని రాశారు గానీ పదింటికి ఏం తింటారో రాయలేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇలా పళ్ళతో సరిపెట్టేవాళ్ళు చాలామంది పదింటికి డబ్బాల మూతలు తీస్తారు, మిక్చర్ గుప్పెడు, పిల్లలు వదిలేసిన ఛెనాపోడో (పాలవిరుగుడుతో చేసే ఒడియా తీపి) ముక్క. అది వాళ్ళ బలహీనత కాదు, ఒట్టి పళ్ళలో మాంసకృత్తులు బాగా తక్కువ, అందుకే ఆకలి ఆగదు. పైగా నెలల తరబడి ఇలాగే ఉంటే కొవ్వుతోపాటు కండ కూడా తగ్గిపోతుంది.

మరేం చేయాలంటారా? మీ పక్కింట్లోనే మందు ఉంది. ఒడియా వాళ్ళ కూరగాయల పప్పు, డాల్మా నేర్చుకోండి. పచ్చిబొప్పాయి, అరటికాయ, గుమ్మడి, ములక్కాడ పప్పుతోపాటే ఉడికిపోతాయి, చివర్లో చిన్న చెంచాడు నెయ్యి పోపు, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి. పర్లాకిమిడి వైపు తెలుగిళ్ళలో ఇది మన పప్పు వండినంత మామూలుగా వండుతారు. రాత్రికి రెండు గరిటెల డాల్మా, కప్పు అన్నం, ఓ కప్పు పెరుగు, ఆ పైన ఓ పండు తినండి. అన్నం పూర్తిగా మానక్కర్లేదు. అరటిపండు సాయంత్రం బిస్కట్ల చోట పెట్టుకోండి. పొట్ట ఒక్కటే విడిగా తగ్గించే తిండి ఏదీ లేదు, తగ్గితే ఒళ్ళంతా తగ్గుతుంది, పొట్ట కొందరికి ఆఖర్న కదులుతుంది. తూకం బదులు టేపుతో నడుము కొలుచుకోండి. మన ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు, నెలకొకసారి చూస్తే చాలు.

ప్రశ్న: రోజూ పొద్దున్నే వాకింగ్ చేసి, తిరిగొస్తూ ఓ పెద్ద గ్లాసు బత్తాయి జ్యూస్ తాగుతాను. అది పండే కదా, బరువు ఎందుకు తగ్గడం లేదు? మా నాన్నగారికి షుగర్, ఆయనకు పళ్ళు పెట్టొచ్చా?
– రాయగడ

జవాబు: పెద్ద గ్లాసుకి మూడు నాలుగు బత్తాయిలు పిండుతారండీ. వాటిని ఒలుచుకుని తినమంటే రెండో కాయకే చాలనిపిస్తుంది, జ్యూస్ అయితే రెండు గుక్కల్లో దిగిపోతుంది. పీచు వడగట్టులో ఆగిపోయింది, చక్కెర గ్లాసులోకి వచ్చింది, మీదనుంచి బండివాడు వేసే పంచదార వేరే. వాకింగ్‌లో ఖర్చు పెట్టింది కాస్తా ఆ బండి దగ్గరే తిరిగి వచ్చేస్తోంది. కాయ ఒలుచుకుని తినండి. నాన్నగారికి జామకాయ గానీ బొప్పాయి గానీ రోజుకు వంద గ్రాముల లెక్కన పెట్టొచ్చు, జ్యూస్ వద్దు, పండిన పనస, సపోటా చేతికందేంత దూరంలో పెట్టకండి. పచ్చిపనసలో తీపి తక్కువ కాబట్టి పనసపొట్టు కూర తినొచ్చు. కిడ్నీ సమస్య ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పి ఉంటే మాత్రం పళ్ళలో ఉండే పొటాషియం విషయం ఆయన్నే అడిగి పెట్టండి, మా మాట పట్టుకుని కాదు.

ప్రశ్న: వేసవంతా మా ఇంట్లో పొఖాళో (నీళ్ళలో నానబెట్టిన అన్నం), పక్కన బంగాళాదుంప వేపుడు, కంద వేపుడు. కూరగాయలే తింటున్నాం కదా అని మావారు వాదిస్తారు.
– బరంపురం

జవాబు: మీవారికి చెప్పండి, కంద, చేమ, బంగాళాదుంప, కర్రపెండలం ఇవన్నీ అన్నం లెక్కలోకే వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 400 గ్రాముల పళ్ళు, కూరలు తినమన్నప్పుడు ఈ దుంపల్ని అందులోంచి తీసేసింది. అంటే ఆయన అన్నంలో అన్నం నంజుకుంటున్నారు! పొఖాళోతో పేచీ లేదు, నీళ్ళు ఎక్కువ, అన్నం తక్కువ ఉంటే కడుపు నిండుతుంది. నంజుకోవడానికి తోటకూర వేపుడో ఆగాకరకాయో పెట్టండి, వేయించేటప్పుడు నూనె చెంచాతో పోయండి. పెరుగన్నంలోకి దోసకాయ ముక్కలు కూడా బాగుంటాయి.

ప్రశ్న: బరువు తగ్గాలంటే యాపిల్, కివీ తినాలని ఫోన్లో చూశాను. మా జయపురంలో వాటి ధర చూస్తే గుండె ఆగుతుంది.

జవాబు: గుండె ఆపుకోకండి, అవి కొనకండి. వంద గ్రాముల జామకాయలో సి విటమిన్ సుమారు 200 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, యాపిల్‌లో ఐదారు. పీచులో కూడా జామకాయదే పైచేయి, పంటికింద గింజలు పడతాయన్న ఒక్క ఇబ్బంది తప్ప. సంతకి వెళ్ళినప్పుడు జామ, బొప్పాయి, ఉసిరి, కొండ మీంచి దించిన అనాసపండు, ఏది కాలానికి వస్తే అది తెచ్చుకోండి. ఉప్పూకారం అద్దుకుంటే అద్దుకోండి, బీపీ ఉంటే ఉప్పు మానేయండి.

ప్రశ్న: రాత్రి పళ్ళు తింటే కడుపులో కుళ్ళిపోతాయట, నిజమేనా?
– పర్లాకిమిడి

జవాబు: కాదు. కడుపులో ఉన్న యాసిడ్‌కి రాత్రీ పగలూ తెలియదు. అన్నం తర్వాత తిన్నా అంతే. ఉబ్బరంగా అనిపిస్తే తక్కువ తినండి.