షెడ్యూల్ చేసిన సెలవు నోటీసు ఐదున్నర గంటలు ఆలస్యం

స్కూల్ సైట్‌లో ఉదయం 6:00కి పెట్టిన నోటీసు 11:30కి వస్తోందంటే మీ వర్డ్‌ప్రెస్ టైమ్‌జోన్ యూటీసీలోనే (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉండిపోయినట్టు. ప్లగిన్ల జోలికి వెళ్లకండి.

1. సెట్టింగ్స్ → జనరల్ → టైమ్‌జోన్‌లో ‘కోల్‌కతా’ ఎంచుకుని సేవ్ చేయండి.

2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ముందే షెడ్యూల్‌లో ఉన్న నోటీసులు దీంతో సరికావు. స్క్రీన్ మీద 6:00 అనే కనిపిస్తుంది, లోపల మాత్రం పాత యూటీసీ సమయమే ఉంటుంది. ఒక్కోటి తెరిచి 6:00ని 6:01 చేసి సేవ్ చేయండి. సమయం ముట్టుకోకుండా ఊరికే సేవ్ కొడితే మారదు.

3. తర్వాత కూడా కొన్ని నిమిషాలు ఆలస్యమైతే కంగారొద్దు. సైట్‌కి ఎవరో ఒకరు వస్తేనే వర్డ్‌ప్రెస్ షెడ్యూల్ కదులుతుంది, తెల్లవారుజామున స్కూల్ సైట్‌కి ఎవరొస్తారు! హోస్టింగ్ ప్యానెల్‌లో క్రాన్ జాబ్ (నిర్ణీత సమయానికి దానంతటదే నడిచే పని) పెడితే అదీ పోతుంది.